పోపుడబ్బా రిమోట్

మా ఇల్లు ఉప్పల్‌లో స్టేడియం వెనక సందుల్లో ఉంది. మ్యాచ్ ఉన్న రోజు మా వీధిలో బండి పెట్టుకోవడానికి జానెడు చోటు దొరకదు. కానీ ఒక భోగం ఉంది. ఎవరైనా సిక్స్ కొడితే ముందు కిటికీలోంచి అరుపు వచ్చి పడుతుంది. టీవీలో చూస్తే బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకేసి రుద్దుకుంటూ ఉంటాడు. టీవీ బొమ్మ ఎక్కడెక్కడో తిరిగి రావాలి కదా, మాకు అరుపు నేరుగా గోడ దాటి వచ్చేస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు దీనికి బిత్తరపోతారు. మా ఆయన మాత్రం కాలు మీద కాలేసుకుని, జరగబోయేది తనకు ముందే తెలుసన్నట్టు కూర్చుంటాడు.

ఈ గొప్పంతా ఆయన చాటుకునేది వాళ్ళక్క దగ్గర. అరుపు వినపడగానే ఫోన్ తీసి, "అక్కా, సిక్సు!" అంటాడు. నాచారంలో తన ఇంట్లో తన టీవీ ముందు కూర్చున్న మా వదిన, "అట్లనా!" అంటుంది. అప్పటికి ఆమె టీవీలో ఆ బంతి పడి ఉండదు. మళ్ళీ అరుపు, మళ్ళీ ఫోను, మళ్ళీ "అట్లనా!". అక్కాతమ్ముళ్ళ ముచ్చట కదా అని నేను పల్లెత్తు మాట అనలేదు.

మా వదిన సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. తల్లిదండ్రులు ముందూ వెనకా పోతే, బడికి పోయే తమ్ముణ్ణి ఊరి నుంచి తెచ్చుకుని, నైట్ డ్యూటీలు చేస్తూ చదివించింది. పెళ్ళి మాట ఎవరెత్తినా, "నేను పోతె వీన్ని ఎవరు సాకుతరు?" అనేదట. ఆ సాకిన తమ్ముడు ఇప్పుడు రైల్వేలో సిగ్నళ్ళు చూసే విభాగంలో పనిచేస్తున్నాడు. లోకంలో ప్రతిదానికీ ఒక ఎర్రలైటూ ఒక పచ్చలైటూ ఉంటాయని ఆయన నమ్మకం. పెళ్ళైన కొత్తలో నేను వదినను చూసి భయపడ్డాను. ఇంజెక్షన్ ఇచ్చే మనిషికి ఉండే చూపు అది. తర్వాత తెలిసింది, ఆ చూపు వెనక మహా చిలిపి మనిషి ఉందని. చర్చిలో ఆమె పక్కన కూర్చుంటే నాకు నవ్వాపుకోవడమే సరిపోయేది.

ఇప్పుడు ఆ చూపే మసకబారింది. షుగరు పనది. ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప పోయింది రాదని కళ్ళ డాక్టరు చెప్పేశాడు. రంగులు తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరాలు తెలియవు. అయినా ఆమె ఇల్లు ఆమెకు చేతివేళ్ళతో తెలుసు. ఉప్పు ఎక్కడుందో, పప్పు ఎక్కడుందో, ఏ గడప ఎంత ఎత్తో తెలుసు. గడియారం కనపడదు కాబట్టి పాటలతో టైము కొలుస్తుంది. గుడ్లు ఉడకడానికి చర్చిలో పాడే ఒక పాట చరణాలన్నీ, టీ పొంగడానికి ఇంకో పాట. పాట పూర్తయ్యేలోపు ఎవరైనా పలకరిస్తే తిట్లు పడతాయి. ఒకసారి నేను మధ్యలో "బాగున్నవా వదినా?" అన్న పాపానికి ఆ రోజు గుడ్లు రాళ్ళయ్యాయి.

నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆమె ఇల్లు నా దారిలోనే. సాయంత్రం స్కూటీ ఆపి, ఓ కప్పు టీ తాగి, నాలుగు చాడీలు చెప్పుకుని ఇంటికి పోవడం నా రివాజు. ఒక వారం పొడుగునా నేను వెళ్ళేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. క్రికెట్ పిచ్చి ఉన్న మనిషి. వార్డులో రేడియో కామెంటరీ వింటూ సెలైన్ ఎక్కించిన మనిషి. సీజన్ నడుస్తుంటే టీవీ బంద్!

"ఏంది వదినా, టీవీ పెట్టలే?"

"సూడబుద్ధి గాలే."

నాకు అబద్ధం వాసన తగిలింది. లేచి టీవీ పెట్టాను. నీలం తెర, దాని మీద సిగ్నల్ లేదని ఏవో అక్షరాలు. టీవీకి ఒక రిమోటు, పైన సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, కళ్ళు తగ్గాయి కదా చెవులైనా సుఖపడతాయని మా ఆయన కొనిచ్చిన స్పీకరుకు ఇంకొకటి. మూడూ నల్లనివే, మూడూ ఒకటే పొడుగు, మూడింటికీ వదిన పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లేసింది. ఎక్కడో వేలు తప్పి టీవీ దారి మారిపోయింది. ఆ వారమంతా ఆమె నీలం తెర ముందు కూర్చుని, లేచి, ఎవ్వరికీ చెప్పకుండా ఊరుకుంది.

"చెప్పొద్దా వదినా?"

"చెప్తె మీ ఆయన ఏమంటడో నాకు ఎర్కనే."

నేను ఇంటికి పోయి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది అని నాలుక కరుచుకునేసరికే ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు.

వదిన భయపడ్డట్టే అయింది. మా ఆయన టీవీని దారిలో పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇయ్యాల టీవీ. రేపు గ్యాస్ పొయ్యి. నువ్వు సుత చెప్పవు, మాకు సుత తెల్వదు. మా ఇంటికి వచ్చెయ్ అక్కా. ఈ ఇల్లు కిరాయికి ఇద్దాం."

"నా ఇంట్ల నేను మంచిగున్న."

"మంచిగున్నదానివి వారం దినాలు నీలం రంగు సూసుకుంట ఎందుకు కూసున్నవ్?"

 ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. అది ఇద్దరికీ తెలుసు. మధ్యలో నేను దూరాను. రిమోట్లు మూడుండబట్టే కదా ఈ తంటా, మూడింటి పనీ చేసేది ఒకటి కొందాం, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఏ దస్తావేజు మీదో సంతకం పెడుతున్నంత గంభీరంగా షరతు పెట్టాడు. రాబోయే ఉప్పల్ మ్యాచ్ రోజు సాయంత్రం మేమెవ్వరం పక్కన లేకుండా అక్క తనంతట తాను టీవీ పెట్టుకోవాలి. పెట్టుకుంటే ఇల్లు మారే మాట ఆయన ఇక జన్మలో ఎత్తడు. లేకపోతే సామాన్లు సర్దుకోవాలి.

"మాట మీదుంటవా తమ్మీ?" అంది వదిన.

"నేనెన్నడన్న తప్పిన్నా?"

"అయితె ఖాయం," అంది ఆమె. ఆమె వేళ్ళు మాత్రం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మర్నాడే నేనూ మా ఆయనా ఉప్పల్ మార్కెట్‌కు పోయాం. కూరగాయల బండ్లు దాటాక ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం ఉంది. లోపల రిమోట్లు సొరకాయల్లా తాళ్ళకు వేలాడుతుంటాయి. మా ఆయన యూనివర్సల్ రిమోట్ అనగానే దుకాణదారు ఒక పొడుగాటి దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద లేని బటన్ లేదు.

"అన్ని కంపెనీలకూ పనిచేస్తది అన్న. టీవీ, బాక్సు, ఏసీ, ఏదన్న కానీ."

మా ఆయనకు అది వెంటనే నచ్చేసింది. బటన్లు ఎక్కువుంటే ఆయనకు కడుపు నిండుతుంది. నేను ఆ రిమోట్ తీసుకుని కళ్ళు మూసుకున్నాను. వేళ్ళతో తడిమితే దోమలు కుట్టిన చెయ్యిలా ఉంది, ఏది ఏదో తెలిస్తే ఒట్టు. కళ్ళు తెరిచి అక్కర్లేదన్నాను. దుకాణదారు నొచ్చుకున్నాడు. ఫోన్లోనే రిమోట్ వచ్చే యాప్ ఉందన్నాడు. మా వదినది బటన్ల ఫోను. నోటితో చెప్తే వినే రిమోట్ ఉందన్నాడు. దానికి ఇంట్లో ఇంటర్నెట్ ఉండాలి, వదిన దగ్గర అదీ లేదు. పైగా రిమోట్‌తో మాట్లాడమంటే ఆమె ఒప్పుకోదు, దాని యోగక్షేమాలు కూడా అడగాల్సి వస్తుందంటుంది.

చివరికి అతను అడుగు డబ్బాలోంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. బొద్దుగా ఉంది. బటన్లు తక్కువ, ఒక్కొక్కటీ బొటనవేలంత. కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. పైన పెద్ద గుండ్రటిది, కింద ఎడమన రెండు, కుడిన రెండు. గిరాకీలు కొందరు నన్ను వింతగా చూస్తున్నారు. చూడనీ.

"ఇది ఎవరు కొంటలేరు మేడం, అందుకే కిందికి పోయింది," అన్నాడు దుకాణదారు. "దీనికి కోడ్లు గిట్ల ఉండయి. పాత రిమోట్ దీనికి ఎదురుగ పెట్టి నొక్కుతె నేర్చుకుంటది. ఒక్క బటన్‌కి రెండు మూడు పనులు సుత నేర్పొచ్చు."

అది ఎవరి కోసమో మేము చెప్పాక అతని మనసు కరిగింది. ఒక మంచి ఉపాయం చెప్తానన్నాడు. "పెద్ద బటన్ మీద ఒక బొట్టుబిళ్ళ అతికించున్రి. చేతికి తగులుతది." మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. మా ఇళ్ళల్లో అన్నీ ఉంటాయి, బొట్టుబిళ్ళ తప్ప. అతను నా నుదురు చూసి నాలుక కరుచుకుని, బ్యాటరీలు ఊరికే ఇచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వదిన ఇంట్లోనే భోజనం. తిన్న చెయ్యి ఆరకముందే మా ఆయన బల్ల తుడిచి పనికి దిగాడు. ముందు పాత రిమోట్ల కవర్లు విప్పాలి. "విప్పకు, దుమ్ము వడ్తది," అని వదిన ఒకటే గోల. విప్పితే లోపల కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి, ఏళ్ళు గడిచినా గీత లేదు. కొత్త రిమోట్‌నూ పాతదాన్నీ ముక్కుకు ముక్కు ఆనించి పెట్టాడు. ఇటు ఒక బటన్, అటు ఒక బటన్, మధ్యలో ఎర్రలైటు మినుకు. ఎర్రలైటు ఉండేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. పెద్ద గుండ్రటి బటన్‌కు మూడు పనులు నేర్పాడు. టీవీ లేవాలి, బాక్సు లేవాలి, స్పీకరు లేవాలి. ఎడమవి చానెళ్ళకు, కుడివి సౌండుకు.

తీరా నొక్కితే టీవీ లేచింది, స్పీకరు లేచింది, బాక్సు లేవలేదు. మళ్ళీ నేర్పాడు. మళ్ళీ లేవలేదు. రిమోట్‌ను తిట్టాడు, దుకాణదారును తిట్టాడు, దీన్నే ఎంచిన నన్ను కళ్ళతోనే తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాన్నేను, ఉండబట్టలేక. అప్పుడు వదిన కుర్చీలోంచి నెమ్మదిగా అంది:

"తమ్మీ, ముసుగు ఎత్తినవా?"

బాక్సు మీద ఒక గుడ్డ కప్పి ఉంటుంది. ద్రాక్షతీగా, మధ్యలో శిలువా కుట్టిన తెల్లటి గుడ్డ. చర్చి స్త్రీల సంఘంలో ఉన్నప్పుడు వదిన కుట్టింది. దాని అంచు బాక్సు ముఖం మీదికి వేలాడుతోంది. ఆమె ఇన్నేళ్ళుగా ఎడమచేత్తో ముసుగెత్తి, కుడిచేత్తో రిమోట్ నొక్కి, మళ్ళీ ముసుగు దించుతోందట. అది కూడా టీవీ పెట్టడంలో ఒక భాగమే అనుకుందట.

నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. గుడ్డ తీసేద్దామని మా ఆయన చెయ్యి వేస్తే వదిన ఒప్పుకోలేదు. "అది ముట్టకు. కండ్లు మంచిగున్నప్పుడు కుట్టిన ఆఖరుది." నా నవ్వు ఆగిపోయింది. గుడ్డను వెనక్కి మడిచి పిన్నీసు పెట్టాను. బాక్సు కూడా లేచింది.

ఇక బటన్లకు గుర్తులు. బొట్టుబిళ్ళకు బదులు నర్సమ్మ ఇంట్లో ప్లాస్టర్‌కు కొదవా? ప్లాస్టర్ ముక్కలు కత్తిరించాం. అన్నీ ప్లాస్టర్లే అయితే తేడా ఎలా తెలుస్తుందని మా ఆయన తల గోక్కుంటుంటే, వదిన లేచి వంటింట్లోంచి పోపుడబ్బా తెచ్చింది. పెద్ద బటన్ మీద ప్లాస్టర్ కింద ఒక ఆవగింజ. చానెళ్ళ వైపు మెంతిగింజలు. సౌండు వైపు మినపగుళ్ళు. చీకట్లో పోపు పెట్టగల వేళ్ళవి, ఆ గింజల్ని మరచిపోవు.

"ఆవగింజ చిటపటమంటె టీవీ మొదలైతది," అంది వదిన. "కరివేపాకు ఏడ పెడ్తవ్ తమ్మీ?"

మూడు పనులూ ఒకదాని వెనక ఒకటి పోవాలి కాబట్టి పెద్ద బటన్ నొక్కాక రిమోట్‌ను కాసేపు టీవీ వైపే పట్టి ఉంచాలి. ఎంతసేపని అడిగింది. ఒక పాట పల్లవి అయ్యేదాకా అన్నాం. ఆమె నొక్కి, పట్టుకుని, పల్లవి పాడింది. మూడూ లేచాయి. మళ్ళీ నొక్కితే మూడూ పడుకున్నాయి. ఆ సాయంత్రమంతా ఆ ఇంట్లో టీవీ లేస్తూ పడుకుంటూనే ఉంది. వదిన ముఖంలో నేను చాలాకాలంగా చూడని వెలుగు చూశాను, నాకు పట్టరాని సంతోషం వేసింది.

సోమవారం సాయంత్రం వెళ్ళేసరికి నీలం తెర.

"ఆవగింజనే నొక్కిన పిల్లా. పల్లవి అయ్యేదాక పట్టుకున్న. ముసుగు సుత ఎత్తే ఉంది."

నేను రిమోట్ తీసుకుని నొక్కాను. బాక్సు లేచింది, టీవీ, స్పీకరు పడుకున్నాయి. మళ్ళీ నొక్కాను. టీవీ, స్పీకరు లేచాయి, బాక్సు పడుకుంది. ఇవి లేస్తే అది పడుకుంటుంది, అది లేస్తే ఇవి పడుకుంటాయి, అత్తాకోడళ్ళ లెక్కన. మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. పాత రిమోట్‌తో బాక్సును లేపి సరిచేశాడు. మా ముందు వదిన చేత పెట్టించాడు, తీయించాడు. బంగారంలా పనిచేసింది. మంగళవారం మళ్ళీ నీలం తెర.

ఆ రోజు ఆయన సరిచేయలేదు. కుర్చీలో కూలబడ్డాడు. మ్యాచ్ మర్నాడే.

"ఇగ చాలు అక్కా."

"నేను తప్పు నొక్కలే తమ్మీ."

"తప్పంటలేను. నాకు భయమైతుంది. డ్యూటీల ఉన్నా నీ గురించే ఫికర్. నువ్వు ఒక్కదానివే ఏడ పడిపోయినవో అని."

వదిన లేచి గోడ పట్టుకుని టీవీ దగ్గరికి నడిచింది. పిన్నీసు తీసి, బాక్సు మీది గుడ్డ తీసి, అంచులు వేళ్ళతో తడుముకుంటూ నాలుగు మడతలు పెట్టింది. సర్దడం మొదలుపెట్టిందని నాకర్థమైంది. మొట్టమొదట సర్దింది అదే.  నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, వదిన మీదా కాదు. ఆ రిమోట్ మీద. మా ముందు వినయంగా ఉండి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మొండికేసే ఆ వంకరబుద్ధి మీద.

ల్యాబ్‌లో ఒక మందు ఒకచోట పాసై ఇంకోచోట ఫెయిలైతే మేం మందును అనుమానించం. రెండుచోట్లా పరీక్ష ఒకలాగే చేశారా అని చూస్తాం. అది నాకు సోమవారమే తట్టాల్సింది. బుధవారం పొద్దున షిఫ్ట్‌కు ముందే వెళ్ళి, వదిన ఇంట్లో తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాను.

"నేను లేననుకో వదినా. రోజూ ఏం చేస్తవో అదే చెయ్."

"నువ్వు లేవనుకుంటె పండుగనే," అంది. నోరు ఇంకా చచ్చిపోలేదని నాకు ధైర్యం వచ్చింది.

టీ పెట్టుకుంది. ప్రార్థన చేసుకుంది. షుగరు మాత్ర వేసుకుంది. తర్వాత గోడ వెంబడి చెయ్యి పారించుకుంటూ టీవీ మూలకు పోయి, వంగి, గోడ స్విచ్ వేసింది. టక్కుమంది. వెనక్కి వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, రిమోట్ కోసం పక్కన బల్ల మీద తడుముతోంది. అప్పుడు చూశాను. ఆమె ఇంకా ఏమీ నొక్కలేదు. బాక్సు మీద పచ్చలైటు వెలిగి ఉంది.

గోడ దగ్గర కరెంటు రాగానే బాక్సు తనంతట తానే లేచి కూర్చుంటోంది. టీవీ, స్పీకరు లేవవు, పిలుపు కోసం చూస్తాయి. ఇప్పుడు ఈమె ఆవగింజ నొక్కితే పడుకున్న రెండూ లేస్తాయి, లేచి ఉన్నది పడుకుంటుంది.

"వదినా, రోజూ గోడ స్విచ్ బంద్ చేస్తవా?"

"చెయ్యనా మల్ల? సూడనప్పుడు కరెంటు వస్తువులు బంద్ జెయ్యాలె. నీ మొగనికి సుత నేనే నేర్పిన."

నిజమే. మా ఇంట్లో రాత్రిపూట మా ఆయన వరుసగా స్విచ్చులన్నీ తడుముతూ తిరుగుతాడు, స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్లు చూసినట్టు. ఆ అలవాటు ఎక్కడిదో నాకిప్పుడు తెలిసింది. కానీ ఇక్కడ రిమోట్ పరీక్షించిన ప్రతిసారీ మేమే స్విచ్ వేసి ఉంచాం, అన్నీ లేపి, అన్నీ పడుకోబెట్టి, అప్పుడు ఆమె చేతికిచ్చాం. తిలాపాపం తలా పిడికెడు. ఆమె తప్పు నొక్కలేదు. ఆమె ఇంట్లో ఆమె బతికే తీరుకు మేము నేర్పలేదు, అంతే.

దానికి మందు కూడా అప్పుడే తట్టింది. పెద్ద బటన్‌కు మూడు పనులు అక్కర్లేదు, రెండే చాలు. బాక్సును లేపే బటన్ ఆమె ఇంట్లో ముందునుంచే ఉంది, గోడ మీద. చీమతలకాయంత అక్షరాలున్న కాగితం చదువుకుంటూ, పెద్ద బటన్ నేర్చినదంతా మరిపించి, టీవీ ఒకటి, స్పీకరు ఒకటి మళ్ళీ నేర్పాను. మా ఇన్‌చార్జికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి తిట్లు తిన్నాను. ఆవగింజ మీద కొత్త ప్లాస్టర్ వేశాను. వదిన గోడ స్విచ్ తీసింది, వేసింది. కూర్చుంది. నొక్కింది. పల్లవి సగంలోనే టీవీలో ఎవరో వంటలావిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

వదిన పాట ఆపేసింది. రిమోట్‌ను ఒళ్ళో పెట్టుకుంది. "నాకే మతి పోయిందనుకున్న పిల్లా," అంది. నేను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.  తర్వాత మడత పెట్టిన గుడ్డను బీరువాలోంచి తెచ్చి, విప్పి, బాక్సు మీద వేసి పిన్నీసు పెట్టాను.

"మీ ఆయనకు చెప్పకు," అంది వదిన. పరీక్ష పరీక్షలాగే జరగాలట.

ఆ సాయంత్రం మా వీధి నిండా బండ్లు, బూరలు, ముఖాలకు రంగులు పూసుకున్న జనం. స్టేడియం లైట్లకు మా డాబా మీద పట్టపగల్లా ఉంది. మా ఆయన పెందలాడే వచ్చేసి టీవీ ముందు కూర్చున్నాడు కానీ చూపు ఫోన్ మీదే. సాయం కోసం ఆమె ఫోన్ చేస్తే ఓడినట్టు. చేయకపోతే పెట్టుకుందో, నీలం తెర ముందు కూర్చుని ఉందో తెలియదు. టాస్ అయింది. ఆట మొదలైంది. ఆయన పకోడీ కూడా ముట్టలేదు. ఆయన గెలవాలనుకుంటున్నాడో ఓడాలనుకుంటున్నాడో ఆయనకే తెలియడం లేదు, ఆ ముఖం చూస్తే నాకు జాలేసింది. అయినా వదిన చెప్పొద్దంది కదా, నోరు కుట్టేసుకున్నాను.

ఉన్నట్టుండి కిటికీ అదిరేంత అరుపు వచ్చింది. మా టీవీలో బౌలర్ ఇంకా నడుచుకుంటూ వెనక్కి పోతున్నాడు. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి ఫోన్ మీదికి పోయింది. వదిన ఎత్తింది. స్పీకర్లో పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది, వెనకాల కామెంటరీ గలగల మోగిపోతోంది. అక్క టీవీ పెట్టుకుందని తెలిసి మా ఆయన ముఖం విప్పారింది.  అంతలోనే పొంగు ఆపుకోలేక, "అక్కా! సి..." అన్నాడు.

"ఏయ్, చెప్పకు!" ఇంజెక్షన్ ఇచ్చేముందు కదలొద్దని కసిరే గొంతు. "ఎన్నిసార్లు ఓర్సుకున్ననో నీకేమెర్క. నా ఇంట్ల ఇంక బాల్ వెయ్యలే తమ్మీ. పెట్టెయ్ ఫోను."

ఫోన్ కట్టయింది. మా ఆయన దాన్ని చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. మా టీవీలో బౌలర్ పరుగెత్తాడు, బంతి పైకి లేచింది, జనంలో పడింది. మేమిద్దరం దాన్ని చూడనే లేదు.

ఫోన్ మోగింది.

"తమ్మీ, సిక్సు!" అంది వదిన, నాచారం నుంచి.

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అట్లనా అక్కా!" అన్నాడు.